టీ పెట్టె వెనక నుంచి చూసిన బీటిల్స్

లివర్‌పూల్‌లో కాపురం ఉండే తెలుగువాళ్ళకు బీటిల్స్ అంటే ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించాల్సిన ఒక సందు. మాథ్యూ స్ట్రీట్‌లో విగ్రహం పక్కన నిలబెట్టి ఫొటో తీశామంటే ఆ బాధ్యత తీరిపోతుంది. నేనూ చాలాకాలం అంతకు మించి పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సి రావడానికి కారణం మా వీధిలో ఉండే ఒక రిటైరైన వడ్రంగి. ఆయనా, ఆయన ఈడు స్నేహితులు ముగ్గురూ కలిసి వారానికొక సాయంత్రం దగ్గర్లోని చర్చి హాలులో ఇంటి సామాన్లనే వాద్యాలుగా మార్చుకుని వాయించే పాత స్కిఫిల్ పాటలు, గిటార్లు, డ్రమ్స్‌తో సాగే తొలినాటి బీట్ పాటలు వాయిస్తుంటారు. డబ్బు కోసం కాదు, పేరు కోసం అసలే కాదు. వాళ్ళలో బేస్ వాయించే ఆయన మోకాళ్ళు అరిగిపోయి నిలబడలేకపోతున్నారట. "మీకు సంగీతం ఏమైనా వచ్చా?" అని ఒకరోజు ఇంటి ముందు ఆపి అడిగారు. చిన్నప్పుడు రామాలయంలో భజనకు చిడతలు వాయించేవాణ్ణని చెప్పాను. చిడతలంటే ఏమిటో చేతులతో ఆడించి చూపించాక, "తాళం తప్పకుండా వేయగలరా?" అన్నారు. వేయగలనన్నాను. "అయితే రండి, మిగతాది మేం నేర్పుతాం" అన్నారు.

వాళ్ళ బేస్ గిటార్ కాదని, తలకిందులుగా బోర్లించిన టీ పెట్టె అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

1956లో స్కిఫిల్ గాయకుడు లానీ డానెగన్ రికార్డు ఒకటి బ్రిటన్ కుర్రకారును ఊపేసింది. అసలు ఆకర్షణ పాటలో కన్నా ఖర్చులో ఉంది. చవక గిటార్ ఒకటి, ఇంట్లో బట్టలు రుద్దే గీతల రేకు ఒకటి, టీ పెట్టె ఒకటి ఉంటే బృందం తయారు. రేకు మీద గీకడానికి దర్జీలు వేలికి పెట్టుకునే లోహపు తొడుగులు చాలు. 16 ఏళ్ళ జాన్ లెనన్ తన బడి స్నేహితులను పోగేసి బృందం పెట్టింది ఆ ఊపులోనే. బడి పేరు క్వారీ బ్యాంక్ కాబట్టి బృందం పేరు క్వారీమెన్. తర్వాత బీటిల్స్‌గా మారింది ఈ బృందమే. లెనన్‌కు వచ్చిన కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి పలికించే పట్లు, కూడా గిటార్‌వి కావు, తల్లి జూలియా నేర్పిన బాంజో కార్డ్‌లు.

పాత పెట్టె పలక బీటలు వారడంతో నా కోసం ఇంకొకటి తయారు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు తేయాకు కాగితపు సంచుల్లో వస్తోంది, పెట్టెలు దొరకవు. ఒకప్పుడు ఇల్లు మారేవాళ్ళు సామాన్లు సర్దుకోవడానికి వాడినవి పాత సామాన్ల దుకాణాల్లో అరుదుగా కనిపిస్తాయి. మాకు దొరికినదాని మీద నల్లటి అచ్చు అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి కానీ ఇండియా అన్న మాట మాత్రం చదవగలిగాను. ఏ అస్సాం తోట నుంచో ఓడెక్కి, నాకన్నా ఎన్నో ఏళ్ళ ముందే ఈ దేశం చేరినట్టుంది.

పల్చటి ప్లైవుడ్ పలకలు, అంచుల వెంట మేకులతో బిగించిన రేకు పట్టీలు, లోపల వెండి రంగు కాగితం. రేకు పైకి లేచినచోట బ్లేడులా కోస్తుంది, అందుకని ముందు చుట్టూ సుత్తితో కొట్టి అణిచాం. పెట్టెను బోర్లిస్తే అడుగు పలక పైకి వస్తుంది. దాని నట్టనడుమ పెన్సిల్ దూరేంత బెజ్జం పెట్టాం. తాడును అందులోంచి దూర్చి, లోపలివైపు వెడల్పాటి వాషరుకు ముడి వేయాలి. వాషరు లేకపోతే లాగిన లాగుడుకు ప్లైవుడ్ చిరిగి తాడు చేతికొస్తుంది. తాడు రెండో కొసను చీపురు కర్ర పై చివర గాడి కోసి కట్టాలి. కర్ర కింది చివరను పెట్టె అంచు మీద నిలిపి, ఒక పాదంతో పెట్టెను నొక్కిపట్టి, కర్రను వెనక్కి వంచితే తాడు బిగుసుకుంటుంది. వంచినకొద్దీ స్వరం పైకి పోతుంది, వదిలినకొద్దీ దిగుతుంది. పెట్టె నేలకు పూర్తిగా ఆనితే శబ్దం లోపలే చచ్చిపోతుంది కాబట్టి ఒకవైపు కింద చెక్కముక్క పెట్టి ఎత్తాలి. నైలాన్ తాడు సాగిపోయి శ్రుతి నిలవలేదు. మైనం పట్టించిన నూలు తాడు బాగా పలికింది. వడ్రంగి పెద్దాయన ఈ పని అంతా ఎంత శ్రద్ధగా చేశారంటే, పక్కన నిలబడి మేకులు అందించిన నాకే వీణ తయారుచేస్తున్నామన్న భ్రమ కలిగింది.

వాయించడం మొదలుపెట్టాక మొదటి ఇబ్బంది వేళ్ళతో. బొబ్బలు లేచి, తోటపనికి వాడే చేతి తొడుగు తొడుక్కున్నాను. రెండోది చెవితో. గిటార్‌కు మెట్లు ఉంటాయి, ఈ కర్రకు ఏ గుర్తూ ఉండదు. ఎంత వంచితే ఏ స్వరమో భుజానికే తెలియాలి. అయితే ఇక్కడ నాకొక వెసులుబాటు దొరికింది. ఈ పాటల్లో చాలావాటికి మూడే కార్డ్‌లు. మొదటిదాన్ని షడ్జం అనుకుంటే రెండోది మధ్యమం మీద, మూడోది పంచమం మీద నిలుస్తుంది. స, మ, ప దొరికితే బేస్ పని దాదాపు అయిపోయినట్టే. చిన్నప్పుడు హార్మోనియం పక్కన కూర్చున్న పుణ్యానికి అవి తొందరగానే పట్టుబడ్డాయి.

పట్టుబడనిది తాళం! నాలుగు దెబ్బల ఆవర్తంలో మన చెయ్యి సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద బలంగా పడుతుంది. వీళ్ళకు ఊనిక రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా. చప్పట్లు కూడా అక్కడే. నేను మాత్రం ప్రతి పాటలోనూ ఒకటో దెబ్బకు తల ఊపుతూ, మిగతావాళ్ళను గందరగోళపెట్టేవాణ్ణి. రేకు వాయించే ఆయన ఒక ఉపాయం చెప్పారు. ఇంట్లో నడిచేటప్పుడు కుడికాలు పడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టమన్నారు, ఎడమకాలితో బయలుదేరి. మా ఆవిడ కొన్నాళ్ళు నన్ను వింతగా చూసింది కానీ ఉపాయం పనిచేసింది.

నా చోటు వెనక వరుసలో ఖాయమయ్యాక, ఈ ఊరి కథను వెనక వరుస నుంచి చదవడం మొదలైంది. మన కచేరీల్లో పక్కవాద్యం సరిగా కుదరకపోతే ఎంత గొప్ప గాయకుడైనా తేలిపోతాడని అందరికీ తెలుసు. బీటిల్స్ తొలి ఆరేళ్ళ కథ నాకిప్పుడు పాటలు రాసిన ఇద్దరి కథలా కనిపించదు. పక్కవాద్యం కుదరని బృందం దానికోసం పడ్డ యాతనలా కనిపిస్తుంది.

క్వారీమెన్‌లో టీ పెట్టె ఒక్కరి దగ్గర నిలవలేదు. బిల్ స్మిత్, నైజెల్ వాలీ, ఐవన్ వాన్, లెన్ గ్యారీ మారి మారి వాయించారు. 1957 జూలై 6న వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి జాతరలో బృందం లారీ మీద ఊరేగి, చర్చి వెనక మైదానంలో పాడినప్పుడు పెట్టె వంతు లెన్ గ్యారీది. ఐవన్ వాన్ ఆ రోజు వాయించలేదు, తన బడి స్నేహితుణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ స్నేహితుడే 15 ఏళ్ళ పాల్ మెకార్ట్‌నీ. రెండు ప్రదర్శనల మధ్య రోడ్డుకు అవతలి హాలులో పాల్ గిటార్ అందుకుని పాడి వినిపించడం, లెనన్ ఆలోచనలో పడటం అందరూ చెప్పే కథే. వాళ్ళిద్దరినీ కలిపింది ఒక టీ పెట్టె వాద్యగాడన్న సంగతి మాత్రం ఎవరూ నొక్కి చెప్పరు. నేను చెబుతాను.

వూల్టన్ వెళ్ళి ఆ హాలు చూశాను. ఎర్రరాతి చర్చి, గుట్ట మీద నిశ్శబ్దమైన వీధులు, బాగానే బతుకుతున్న ఇళ్ళు. మురికివాడ పిల్లల సంగీతం అనుకుని వెళ్ళేవాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. పాల్ పెరిగిన ఫోర్థ్‌లిన్ రోడ్డు 20వ నంబరు ఇల్లు మాత్రం వేరు, నగరపాలక సంస్థ కట్టించి అద్దెకిచ్చిన చిన్న వరుస ఇల్లు. ఇప్పుడు దాన్నీ, లెనన్ పెరిగిన మెండిప్స్‌నూ నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంస్థ చూపిస్తోంది. ముందే టికెట్ తీసుకుంటే వాళ్ళ చిన్న బస్సులోనే తీసుకెళతారు, లోపల ఫొటోలు తీయనివ్వరు. ఫోర్థ్‌లిన్ రోడ్డు ముందుగదిలో నిలబడితే ఇద్దరు గిటార్లు పట్టుకుని ఎదురెదురుగా కూర్చోవడానికి సరిపోతుంది. పెట్టె, డ్రమ్స్ పెట్టే చోటు లేదు. పాటలు ఇద్దరివే ఎందుకయ్యాయో ఆ గది చెబుతుంది అనిపించింది.

ఆ రోజుల్లో విద్య ఎంత కరవో తెలియాలంటే ఒక కార్డ్ సంగతి చాలు. బి సెవెన్ అనే కార్డ్ ఎవరికో వచ్చని తెలిసి, పాల్, జార్జ్ హారిసన్ బస్సెక్కి ఊరికి ఆ చివరకు వెళ్ళి నేర్చుకొచ్చారు. పాల్ స్వయంగా చాలాసార్లు చెప్పిన సంగతి. నేను ఫోను మీద వేలు కదిపితే వచ్చే దానికోసం వాళ్ళు బస్సు చార్జీ పెట్టుకున్నారు!

రాక్ అండ్ రోల్ వైపు మళ్ళాక టీ పెట్టె మరీ నాటుగా అనిపించింది. లెన్ గ్యారీ జబ్బుపడి దూరమయ్యాడు. ఎరిక్ గ్రిఫిత్స్‌ను ఎలక్ట్రిక్ బేస్ కొనుక్కోమంటే అంత డబ్బు పెట్టలేక తప్పుకున్నాడు. డ్రమ్స్ వాయించే కాలిన్ హాంటన్ గొడవపడి బస్సు దిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. లెనన్, పాల్, జార్జ్, ముగ్గురు గిటార్ కుర్రాళ్ళు మిగిలారు. డ్రమ్మర్ ఏడని ఎవరైనా అడిగితే, తాళం గిటార్లలోనే ఉందని దబాయించేవారట. ఈ మాట మా హాలులో ఎవరు ఎత్తినా నవ్వు ఆగదు, ఎందుకంటే మాదీ అదే పరిస్థితి.

కాస్బా అనే కాఫీ క్లబ్బు దగ్గర కథలోకి మద్రాసు వస్తుంది. డ్రమ్మర్ పీట్ బెస్ట్ పుట్టింది మద్రాసులో, 1941 నవంబర్ 24న. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని ఆ నగరమే. తల్లి మోనా ఢిల్లీలో పుట్టిన మనిషి. యుద్ధం ముగిశాక 1945 చివర్లో సైనికుల ఓడలో కుటుంబం లివర్‌పూల్ చేరింది. 1954లో ఆవిడ నగలు తాకట్టు పెట్టి డెర్బీ పందెంలో నెవర్ సే డై అనే గుర్రం మీద కాసింది. ఒకటికి 33 వచ్చే గుర్రం, గెలిచింది! ఆ డబ్బు పునాదిగా వెస్ట్ డెర్బీలో పదిహేను గదుల పాత బంగళా కొన్నది. ఇంటికి పిల్లల స్నేహితుల తాకిడి పెరగడంతో నేలమాళిగను కాఫీ క్లబ్బుగా మార్చి, 1959 ఆగస్టు 29న తెరిచింది. మొదటి రాత్రి వాయించింది డ్రమ్మర్ లేని ఆ కుర్రాళ్ళే, కెన్ బ్రౌన్ అనే నాలుగో గిటార్‌తో.

కాస్బాను ఇప్పుడూ చూడనిస్తారు. నేలమాళిగలో పైకప్పు చేతికి అందుతుంది. ఒకచోట కప్పుకు పాల్ వేసిన ఇంద్రధనుస్సు చారలు, ఇంకోచోట పీట్ వేసిన సాలెగూడు. ఇటుక గోడల మధ్య ఒక మూలన నిలబడి నా పెట్టె ఇక్కడ ఎలా పలుకుతుందా అని లెక్కవేశాను. అంత ఇరుకులో బ్రహ్మాండంగా పలుకుతుంది. ఈ గదిలోనే 1959 అక్టోబర్‌లో కెన్ బ్రౌన్ ఒంట్లో బాగాలేక వాయించకపోయినా మోనా అతని వాటా 15 షిల్లింగులు ఇచ్చిందని మిగతా ముగ్గురూ అలిగి వెళ్ళిపోయారు. ఆవిడ చేసిందే న్యాయమని నా అభిప్రాయం.

తర్వాతి ఏడాది వెనక వరుస వెతుకులాట ఇంకా చిత్రంగా ఉంటుంది. లెనన్ ఆర్ట్ కాలేజీ స్నేహితుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ చిత్రం ఒకటి వాకర్ గ్యాలరీ ప్రదర్శనలో 65 పౌన్లకు అమ్ముడుపోయింది. మిత్రులు వెంటపడి అతని చేత హోఫ్నర్ బేస్ కొనిపించారు. వాయించడం తర్వాత సంగతి! డ్రమ్స్‌కు టామీ మూర్ దొరికాడు. గార్స్టన్‌లో సీసాల ఫ్యాక్టరీ కార్మికుడు, మిగతావాళ్ళకన్నా వయసులో పెద్ద. 1960 మే నెలలో స్కాట్లాండ్ యాత్రలో వ్యాన్ ప్రమాదానికి గురైతే పళ్ళకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరాడు. ఆ రాత్రే అతన్ని అక్కణ్ణుంచి లాక్కొచ్చి డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారు. కొద్ది వారాలకే ఆయన తన ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళిపోయాడంటే తప్పేముంది? తర్వాత వచ్చిన నార్మన్ చాప్‌మన్ మంచి వాద్యగాడే కానీ అతనికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది.

ఆ పిలుపు సంగతి మా పెద్దాయన వివరించాకే నాకు అర్థమైంది. అప్పట్లో బ్రిటన్ యువకులు రెండేళ్ళు తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి. 1939 అక్టోబర్ నుంచి పుట్టినవాళ్ళకు ఆ బెడద తప్పింది. లెనన్ 1940 అక్టోబర్‌లో పుట్టాడు, పాల్, జార్జ్ ఇంకా చిన్నవాళ్ళు. ఐదారేళ్ళు ముందు పుట్టి ఉంటే సరిగ్గా చెయ్యి తిరిగే వయసులో తలా ఒక శిబిరానికి చెదిరిపోయేవారు. లివర్‌పూల్‌లో ఒక్కసారిగా వందల బీట్ బృందాలు పుట్టుకురావడానికి చెప్పే కారణాల్లో నాకు అన్నిటికన్నా బలంగా తోచేది ఇదే.

జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో వాయించే అవకాశం వచ్చేసరికి డ్రమ్మర్ లేడు. కాస్బాలో పీట్ కొత్త డ్రమ్స్ వాయిస్తూ కనిపించాడు. 1960 ఆగస్టు 12న పరీక్ష, 16న ప్రయాణం, 17న ఇంద్రా క్లబ్బు వేదిక. ఒప్పందం ప్రకారం మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శనివారం ఆరు గంటలు వాయించాలి. పడక ఒక సినిమా హాలు తెర వెనక, కిటికీ లేని గదుల్లో.

నాలుగున్నర గంటలంటే ఏమిటో చూద్దామని మా వాళ్ళకు ఒక శనివారం బుద్ధి పుట్టింది. వయసు దృష్ట్యా మధ్యలో టీ విరామాలు పెట్టుకున్నాం. మొదటి గంట హుషారుగా సాగింది. రెండో గంటకు మాకు వచ్చిన పాటలు అయిపోయాయి. అక్కణ్ణుంచి ఒక్కో పాటను సాగదీయడం మొదలైంది. పాడినదే మళ్ళీ పాడటం, మధ్యలో గిటార్‌కు వదిలేయడం, వేగం మార్చడం. విచిత్రం ఏమిటంటే మేం బాగా వాయించింది ఆ తర్వాతే. ఆలోచించే ఓపిక పోయి ఒకరి ఊపిరి ఒకరికి వినబడటం మొదలైంది. కానీ గొంతు అలసిన గాయకుడు పక్కవాడికి పాట అప్పగించి నీళ్ళు తాగొచ్చు. పల్లకీ బోయీలకైనా భుజం మార్చుకునే వీలుంటుంది, తాళం మోసేవాళ్ళకు అదీ లేదు. పెట్టె మీద పెట్టిన నా పాదం తిమ్మిరెక్కి, దించితే నేల తెలియలేదు. పీట్ బెస్ట్ ఇంద్రాలో ఈ పని వరుసగా 48 రాత్రులు చేశాడు. అతను మంచి డ్రమ్మర్ కాదని తేలిగ్గా రాసేవాళ్ళను ఒక్క శనివారం మా హాలుకు పంపాలి.

ఆ ఏడాది నవంబర్, డిసెంబర్ నెలల్లో జార్జ్, పాల్, పీట్ ఒకరి వెనక ఒకరు జర్మనీ నుంచి బహిష్కరణకు గురై ఇంటికొచ్చేశారు. జార్జ్ అప్పటికి 17 ఏళ్ళవాడు, రాత్రి క్లబ్బుల్లో పనిచేసే వయసు కాదు. స్టువర్ట్ ప్రేమలో పడి అక్కడే ఆగిపోవడంతో మళ్ళీ బేస్ కరవు. చాస్ న్యూబీ అనే కాలేజీ కుర్రాడు సెలవుల్లో నాలుగు ప్రదర్శనలకు వాయించి చదువుకు వెళ్ళిపోయాడు. వాటిలో ఒకటి 1960 డిసెంబర్ 27న లిథర్లాండ్ టౌన్ హాలులో జరిగింది. హాంబర్గ్ వాళ్ళను ఎంత మార్చిందో లివర్‌పూల్ ఆ రాత్రే చూసింది. చివరికి 1961లో ఎవరికీ అక్కర్లేని బేస్ పాల్ నెత్తిన పడింది. రెండు వైపులా ఒకేలా ఉండే వయొలిన్ ఆకారపు హోఫ్నర్ హాంబర్గ్‌లో కొన్నాడు, ఎడమచేతి వాటానికి తిప్పి పట్టినా ఎబ్బెట్టుగా కనబడదని. టీ పెట్టె దగ్గర మొదలైన సమస్య అలా నాలుగేళ్ళకు తీరింది.

డ్రమ్స్ సమస్య తీరడానికి ఇంకో ఏడాది పట్టింది. 1962 జూన్ 6న లండన్ స్టూడియోలో విన్న రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్, రికార్డింగ్‌కు వేరే డ్రమ్మర్‌ను పెడతానన్నాడు. ఆగస్టు 16న మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ పీట్‌ను పిలిచి తీసేశామని చెప్పాడు. మిత్రులు ముగ్గురూ మొహం చూపించలేదు. 18న రింగో స్టార్ చేరాడు. తమాషా ఏమిటంటే సెప్టెంబర్ 11న మొదటి పాటను మళ్ళీ రికార్డు చేసినప్పుడు ఆయన్నూ పక్కన కూర్చోబెట్టి, ఆండీ వైట్ అనే లండన్ వాద్యగాడితో వాయించారు. రింగో చేతికి గిలక తప్పెట ఇచ్చారు. ఆ పాటలో గిలకల శబ్దం వినిపిస్తే డ్రమ్స్ ఆండీ వైట్‌వి, వినిపించకపోతే రింగోవి. మా హాలులో ఈ తేడా చెవితో పట్టుకున్న రోజున నాకు టీతోపాటు రెండు బిస్కెట్లు ఎక్కువ ఇచ్చారు.

మా సంగతికొస్తే, బేస్‌కు నేను కుదురుకున్నాను, డ్రమ్స్‌కు ఇంకా ఎవరూ లేరు. క్రిస్మస్‌కు ముందు హాలులో ఒక కార్యక్రమం ఒప్పుకున్నాం. "మీ తెలుగు సంఘంలో ఏదైనా వాయించే కుర్రాడు ఉన్నాడా?" అని పెద్దాయన మొన్న అడిగారు. మృదంగం నేర్చుకున్న అబ్బాయి ఒకడున్నాడు, చెయ్యి చాలా శుద్ధం. వచ్చే వారం తీసుకొస్తానన్నాను. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గొడవ వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు.